హెల్ప్ ఫైల్లో విషయసూచిక, బటన్లు కనిపించకపోతే

చిరంజీవికి ఆశీస్సులు.

ఎడమవైపు విషయసూచిక లేదు, నెక్స్ట్, ప్రీవియస్ బటన్లు లేవు, సెర్చ్ ట్యాబ్ కూడా లేదు, సీహెచ్‌ఎం ఫైలే (విండోస్ ప్రోగ్రామ్ హెల్ప్ పేజీలన్నీ కలిపి కట్టిన ఒక్క ఫైలు) పాడైనట్టుంది, మొదటినుంచి మళ్లీ కడతానని రాశావు. తొందరపడకు. కంపైల్ అయిన హెల్ప్ ఫైల్లో ఇవి పాడవడం చాలా అరుదు. చాలాసార్లు వాటిని ఎవరూ అడిగి ఉండరు. లేదంటే ఒక విండోకి అడిగి ఇంకో విండో తెరుస్తుంటారు.

ముందు తప్పు ఎవరిదో తేల్చుకో. ప్రోగ్రామ్‌లో ఎఫ్1 నొక్కి ఒకసారి చూడు. తర్వాత ప్రోగ్రామ్ మూసేసి, ఎక్స్‌ప్లోరర్‌లో సీహెచ్‌ఎం మీద డబుల్ క్లిక్ చేసి ఇంకోసారి చూడు. డబుల్ క్లిక్‌లో అన్నీ కనిపించి, ఎఫ్1లో మాత్రం లేకపోతే హెల్ప్ ప్రాజెక్టును ముట్టుకోకు, తప్పు హెల్ప్‌ని పిలిచే ప్రోగ్రామ్ కోడ్‌లో ఉంది. రెండింటిలోనూ లేకపోతే ఇంకో మెషిన్‌లో తెరిచి చూడు. అక్కడ బాగుంటే తప్పు మొదటి మెషిన్‌ది. అక్కడా లేకపోతేనే ప్రాజెక్టు తెరువు.

పిలిచే కోడ్ సంగతి చిన్నదే. హెల్ప్ తెరవడానికి ప్రోగ్రామ్ వాడే హెచ్‌టీఎంఎల్ హెల్ప్ ఫంక్షన్‌కి ఇచ్చే దారిలో ఫైలు పేరు, టాపిక్ పేరు తర్వాత 'కంటే ఎక్కువ' గుర్తు పెట్టి విండో పేరు రాయాలి. అది రాయకపోతే ఫైల్లో డిఫాల్ట్‌గా రాసిన విండో వస్తుంది. పొట్టి సహాయం కోసం ఎవరో ఎప్పుడో చేసిన చిన్న విండో పేరు అక్కడ ఉంటే అదే తెరుచుకుంటుంది, దానికి విషయసూచిక ఉండదు. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా నువ్వు అనుకున్న విండో రాదు.

ఇక ప్రాజెక్టు. దాని సెట్టింగులుండే .హెచ్‌హెచ్‌పి ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరువు, హెచ్‌టీఎంఎల్ హెల్ప్ వర్క్‌షాప్ (సీహెచ్‌ఎం తయారుచేసే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్) డైలాగుల్లో కంటే అక్కడే విషయం తేటగా కనిపిస్తుంది. ఆప్షన్స్ భాగంలో కంటెంట్స్ ఫైల్, ఇండెక్స్ ఫైల్, డిఫాల్ట్ విండో అనే లైన్లు ఉండాలి. అవి ఉన్నంత మాత్రాన చాలదు, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. కింద విండోస్ భాగంలో ప్రతి విండోకీ ఒక పొడుగాటి లైను ఉంటుంది. అందులో కామాల మధ్య మొదటిది టైటిల్, రెండోది విషయసూచిక ఫైలు, మూడోది ఇండెక్స్ ఫైలు, నాలుగోది డిఫాల్ట్ పేజీ, అయిదోది హోమ్ పేజీ. రెండో గడి ఖాళీగా ఉంటే, పైన కంటెంట్స్ ఫైల్ రాసినా ఆ విండోకి అది అందదు. హోమ్ బటన్ నొక్కితే ఏమీ జరగడం లేదంటే అయిదో గడి చూడు.

కామాలు లెక్కపెట్టుకుంటూ పదో గడికి వెళ్లు. అక్కడ హెక్సాడెసిమల్ (పదహారు ఆధారంగా రాసే) సంఖ్య ఒకటి ఉంటుంది, పేన్ అంటే విషయసూచిక ఉండే ఎడమ భాగం, దాని స్వభావమంతా ఆ సంఖ్యలోనే ఉంది. మామూలుగా కనిపించేది 23520. విడగొడితే 20 అంటే మూడు భాగాల విండో, 100 అంటే ఆటో సింక్ (చదువుతున్న పేజీని విషయసూచికలో దానంతటదే చూపడం), 400 అంటే సెర్చ్ ట్యాబ్, 1000 అంటే ఫేవరెట్స్, 2000 అంటే పేజీని బట్టి టైటిల్ మారడం, 20000 అంటే అడ్వాన్స్‌డ్ సెర్చ్. ఆ 20 లేకపోతే ఎడమ పేనే ఉండదు, మిగతావన్నీ పెట్టినా వృథా. 8000 కలిసి ఉంటే టూల్‌బార్ మొత్తం మాయమవుతుంది. పదకొండో గడి పేన్ వెడల్పు, పిక్సెల్స్‌లో. అక్కడ మరీ చిన్న సంఖ్య పడితే పేన్ ఉండి కూడా లేనట్టే. పన్నెండో గడి బటన్లది: 2 హైడ్, 4 బ్యాక్, 40 హోమ్, 800 లొకేట్ (పేజీ విషయసూచికలో ఎక్కడుందో చూపేది), 1000 ఆప్షన్స్, 2000 ప్రింట్, 200000 నెక్స్ట్, 400000 ప్రీవియస్. ఇవన్నీ హెక్సే, కాలిక్యులేటర్‌ని ప్రోగ్రామర్ మోడ్‌లో పెట్టి కూడు. హైడ్, బ్యాక్, ఆప్షన్స్, ప్రింట్‌తో పాటు నెక్స్ట్, ప్రీవియస్ కావాలంటే 603006. లెక్కలు వద్దనుకుంటే వర్క్‌షాప్‌లో విండో టైప్స్ తెరిచి నావిగేషన్ పేన్, బటన్స్ ట్యాబుల్లో టిక్కులు పెట్టు, సంఖ్యలు అదే రాసుకుంటుంది. పేన్‌ని మొదట మూసి ఉంచే టిక్కు కూడా అక్కడే ఉంది. అది పడితే విషయసూచిక పోలేదు, షో బటన్ వెనక ఉందంతే.

నెక్స్ట్, ప్రీవియస్‌లకి బటన్ సంఖ్య ఒక్కటే సరిపోదు. ఆప్షన్స్ భాగంలో బైనరీ టీఓసీ (టీఓసీ అంటే విషయసూచిక) అనే లైను ఎస్ (Yes) అని ఉండాలి. తర్వాతి పేజీ ఏదో, హెల్ప్ చూపించే వ్యూయర్ తెలుసుకునేది ఆ బైనరీ విషయసూచిక నుంచే. విషయసూచికలో లేని పేజీలో ఉన్నప్పుడు ఈ బటన్లకి ముందూ వెనకా తెలియదు. లొకేట్, ఆటో సింక్‌ల కథా అంతే: పేజీ విషయసూచికలో ఉండాలి. ఒకే పేజీని రెండు చోట్ల పెడితే నువ్వు రెండో చోట నుంచి వచ్చినా హైలైట్ మొదటి చోటికి ఎగిరిపోవచ్చు. అది చూసి చదివేవాళ్లు తికమకపడతారు కాబట్టి పేజీని ఒక్కచోటే ఉంచు.

సెర్చ్ ట్యాబ్ కనిపించి, ఏం వెతికినా ఏమీ దొరకడం లేదంటే ఫుల్ టెక్స్ట్ సెర్చ్ లైను నో అని ఉంది, లేదా అసలు లేదు. ఎస్ అని రాసి మళ్లీ కంపైల్ చెయ్యి.

విషయసూచికలో తెలుగు పేర్లు పెట్టాలనుకుంటే ఇప్పుడే చెబుతున్నా. పేజీలు యూటీఎఫ్-8లో చక్కగా కనిపిస్తాయి. విషయసూచిక, ఇండెక్స్ మాత్రం విండోస్ పాత కోడ్ పేజీల (ఒక్కో లిపికి ఒక్కో అక్షరాల పట్టిక) మీద నడుస్తాయి, తెలుగుకి అలాంటి కోడ్ పేజీ లేదు. అందుకే ప్రశ్నార్థకాలో పిచ్చి అక్షరాలో వస్తాయి. ఫాంట్ మార్చినా, లాంగ్వేజ్ లైను మార్చినా లాభం లేదు. తెలుగు సూచిక తప్పనిసరైతే సీహెచ్‌ఎం వదిలేసి బ్రౌజర్‌లో తెరుచుకునే హెల్ప్ తయారుచెయ్యి, ఇందులో నా మాటకి తిరుగులేదు.

కొన్ని సీహెచ్‌ఎంలని కలిపి ఒకటిగా చూపిస్తుంటే ఇంకో చిక్కు. పిల్ల ఫైలు తల్లి ఫైలు పక్కన లేకపోతే ఎర్రర్ ఏమీ రాదు, ఆ కొమ్మ విషయసూచికలోంచి చడీచప్పుడు లేకుండా పోతుంది. కాబట్టి ఇన్‌స్టాలర్ అన్నింటినీ ఒకే ఫోల్డర్‌లో పెడుతోందో లేదో చూడు. ఇండెక్స్‌లు కలవాలంటే ప్రతి ఫైలూ బైనరీ ఇండెక్స్‌తో కంపైల్ అవ్వాలి. కొత్త మాటలు ఇండెక్స్‌లోకి రాకపోతే .సీహెచ్‌డబ్ల్యూ అనే ఫైలు వెతికి తీసెయ్యి, తెరిచినప్పుడు మళ్లీ అదే పుడుతుంది.

చదివేవాళ్ల మెషిన్‌లో తప్పు ఉంటే ముందు టూల్‌బార్‌లో షో అనే బటన్ ఉందేమో అడుగు, ఎప్పుడో హైడ్ నొక్కి మర్చిపోయి ఉంటారు. విండో జరిపిన చోటు, ఫేవరెట్స్ వంటివి యాప్‌డేటాలో మైక్రోసాఫ్ట్ ఫోల్డర్, దానిలో హెచ్‌టీఎంఎల్ హెల్ప్ ఫోల్డర్‌లో hh.dat అనే ఫైల్లో ఉంటాయి. అది చెడితే వింతలు కనిపిస్తాయి. వ్యూయర్ మూసి దాని పేరు మార్చి చూడు, తీసెయ్యకు, ఫేవరెట్స్ పోతాయి.

ఎడమన సూచిక ఉండి, కుడివైపు పేజీ తెల్లగా ఉంటే అది వేరే జబ్బు. నెట్ నుంచి దిగిన ఫైలైతే ప్రాపర్టీస్‌లో జనరల్ ట్యాబ్ కింద అన్‌బ్లాక్ టిక్కు పెట్టాలి. నెట్‌వర్క్ షేర్‌లోని ఫైలైతే 2005 జూన్‌లో వచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్ నుంచీ విండోస్ అడ్డుకుంటోంది. రిజిస్ట్రీ మార్చి తెరిపించొచ్చు గానీ, ఫైల్‌ని సొంత డిస్క్‌లోకి కాపీ చేసుకోమను, అదే క్షేమం. దారిలో హాష్ గుర్తున్న ఫోల్డర్ ఉన్నా పేజీలు తెరుచుకోవు.

మార్పులు చేశాక, వ్యూయర్‌లో పాత ఫైలు తెరిచి ఉంటే కంపైలర్ దాని మీద రాయలేదు, 5010 ఎర్రర్‌తో ఆగిపోతుంది. మూసి మళ్లీ నడుపు. స్క్రిప్ట్ నుంచి నడిపిస్తే ఇంకో తిరకాసు: ఈ కంపైలర్ పని సవ్యంగా అయితే 1, కాకపోతే 0 తిరిగిస్తుంది, లోకమంతటికీ తలకిందులు. నీ బిల్డ్ ఫెయిల్ అని ఎర్రగా చూపించినా, ముందు ఫైలు తేదీ, సమయం చూడు.

ఎఫ్1, డబుల్ క్లిక్ పరీక్షలో ఏం తేలిందో, నీ .హెచ్‌హెచ్‌పిలో విండోస్ భాగం ఎలా ఉందో నాకు పంపు.

ఆశీస్సులతో.