పొయ్యిలో పొగే గానీ మంట లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: నమస్తే అండీ. గ్యాస్ ఆదా అవుతుందని పెరట్లో కొత్తగా సిమెంట్ పొయ్యి కట్టించాం, అందరి స్నానాలకి నీళ్ళు దాని మీదే కాస్తాం. సరుగుడు కట్టెలు తోటలో కొట్టించి తెచ్చి నెల కూడా కాలేదు. ఎంతసేపు ఊదినా పొగే, మా అత్తయ్యకి కళ్ళు మండిపోతున్నాయి, నీళ్ళు కాగేసరికి పిల్లల స్కూల్ బస్సు వెళ్ళిపోతోంది. కట్టెలు మార్చాలా, పొయ్యి మార్చాలా?
– ఒక పాఠకురాలు, చీరాల దగ్గర

జవాబు: సరుగుడు బంగారం లాంటి కట్టె అమ్మా, దాన్ని మార్చొద్దు. నెల కూడా కాలేదన్నారు చూడండి, చిక్కంతా అక్కడే. అప్పుడే కొట్టిన కట్టె బరువులో ఇంచుమించు సగం నీళ్ళే ఉంటాయి, ఒక్క కిలో నీళ్ళు ఆవిరవ్వాలంటేనే 540 కిలోకేలరీల దాకా పోతాయి, ఇక మీ కాగుకి మిగిలేదెంత? కాలుతున్న కట్టె రెండో కొస చూడండి, చుయ్ మంటూ నురగ కక్కుతుంటే అది పచ్చిదే. ఎండినవైతే రెండు కట్టెలు కొట్టుకుంటే ఖంగుమంటాయి, కొసల్లో పగుళ్ళు కనిపిస్తాయి.

లావు కట్టెల్ని చీల్చేయండి, బెరడుతో అలాగే ఉంచితే లోపలి తడి బయటికి రాదు. కింద ఇటుకలు పెట్టి గాలి ఆడేలా పేర్చి పైన మాత్రం రేకు కప్పండి, చుట్టూ పట్టా చుట్టేస్తే లోపల ఉమ్మ పట్టి ఇంకా పాడవుతాయి. ఆర్నెల్లు ఎండితే మంచిది, తేమ 20 శాతం లోపుకి రావాలి. అప్పటిదాకా ఎండు కొబ్బరి మట్టలు, కంది కట్టెతో లాగించండి.

ఇంకోటి, ఊదడం కన్నా కింద నుంచి గాలి వచ్చేలా చూడటం ముఖ్యం. ఎండు కట్టె వేడెక్కితే బరువులో ముప్పావు వంతు పైగా గ్యాస్‌లా బయటికొస్తుంది, అది అంటుకుంటే మంట, అంటుకోకపోతే పొగ, అంటే మీ అత్తయ్య కళ్ళల్లోకి పోయేది మీరు డబ్బు పోసి కొన్న కట్టే. పొయ్యి లోపల మూడు నాలుగు అంగుళాల ఎత్తులో ఇనప ఊచల జాలీ వేయించి కట్టెలు దాని మీద పెట్టండి, కిందున్న బూడిద రోజూ తీసేయండి. కట్టెలు కుక్కొద్దు, మణికట్టు లావువి మూడు చాలు, కొసలు కాలేకొద్దీ ఎగదోస్తూ ఉండాలి. ప్లాస్టిక్ కవర్లు, పాత టైరు ముక్కలు వేసి రాజేస్తుంటారు కొందరు, పిల్లలున్న ఇంట్లో అది అస్సలు వద్దు, ఆ పొగ విషం.

ప్రశ్న: మా వంటింట్లో పొయ్యికి పొగ గొట్టం పెడితే మంట తగ్గిపోతుందని మేస్త్రీ అంటున్నాడు, నిజమేనా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: కాదండీ, గొట్టంలో వేడి గాలి పైకి పోయేకొద్దీ పొయ్యి ముందు నుంచి కొత్త గాలి లోపలికొస్తుంది. 1950ల్లోనే మన హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబరేటరీలో ఎస్.పి. రాజు గారు గొట్టం ఉన్న పొగరాని పొయ్యి తయారుచేశారు. కాకపోతే లాగుడు మరీ ఎక్కువైతే వేడి కూడా గొట్టంలోంచే పోతుంది, అందుకే మధ్యలో తిప్పి మూసుకునే రేకు ఒకటి పెట్టించండి, కానీ నిప్పులున్నంతసేపు దాన్ని పూర్తిగా మూయొద్దు. గొట్టం కప్పు కన్నా ఎత్తు ఉండాలి. పచ్చి కట్టె కాలిస్తే లోపల తారు లాగా మసి గడ్డకడుతుంది, ఒక్కోసారి అదే అంటుకుంటుంది కూడా, తాటాకు కప్పు అయితే మరీ ప్రమాదం, కాబట్టి నెలకోసారైనా పొడవాటి కర్రకి గోనె గుడ్డ కట్టి దులపండి.