పాత ఇల్లు, కొత్త అవసరాలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత ఇళ్ల మార్పుచేర్పుల గురించే ఉన్నాయి. ఏ రంగు వేయాలి, ఏ టైలు కొనాలి అని అడిగినవాటిని వచ్చే నెలకు ఉంచి, గోడ దేన్ని మోస్తోంది, నీరు ఎటు పోతోంది అన్న రెండు సంగతులతో ముడిపడిన ఉత్తరాలను ఈసారి తీసుకున్నాను. నమూనా బాగుందనో, మేస్త్రీ భరోసా ఇచ్చాడనో పని మొదలుపెట్టి, ఈ రెండింటినీ తర్వాత చూసుకోవచ్చనుకున్న ఇళ్లలోనే ఖర్చు రెండింతలవుతోంది.

ప్రశ్న: మాది కోనసీమలో తాతగారి కాలం నాటి మండువా లోగిలి. పైన పెంకులు, గోడలు సున్నంతో కట్టినవి. వాన వచ్చినప్పుడల్లా మండువాలోంచి జల్లు నాలుగు వైపుల వసారాల్లోకి కొడుతోంది. మండువా మీద పాలికార్బొనేట్ షీటు బిగించేద్దామని మావారు అంటున్నారు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. రాత్రిపూట పెరట్లోని బాత్‌రూమ్‌కు వెళ్లడం కష్టంగా ఉంది కాబట్టి ఆవిడ గదికి ఆనుకుని ఒకటి కట్టాలి. గోడలు కింది భాగంలో చెమ్మెక్కి పూత రాలుతోంది కనుక, పనిలో పనిగా సిమెంటు ప్లాస్టరింగ్ కూడా చేయిస్తే సరిపోతుందా? (ఒక పాఠకురాలు, అమలాపురం సమీపం)

జవాబు: ముందుగా షీటు సంగతి చూద్దాం. మండువాలో పడేది నేరుగా పైనుంచి వచ్చే వాన మాత్రమే కాదు; లోపలి వైపుకు వాలిన నాలుగు కప్పుల నీరూ చూరుల మీదుగా అక్కడికే చేరుతుంది. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక సెంటీమీటరు వాన కురిస్తే పది లీటర్ల నీరు దిగుతుంది. మీ ఇంటి లోపలి వాలు కప్పు అరవై చదరపు మీటర్లు ఉందనుకుంటే, అయిదు సెంటీమీటర్ల వానకు మూడు వేల లీటర్లు. షీటును చూరు మట్టానికి బిగిస్తే ఆ మూడు వేల లీటర్లనూ చుట్టూ పెట్టే రేకు కాలువే మోయాలి. శ్రావణంలో కొబ్బరి పీచో, వేపాకో దానికి అడ్డుపడిన రోజున ఆ నీరంతా పొంగి దూలాల మీదుగా ఇంట్లోకే దిగుతుంది. ఇక వేసవిలో, ఇంటిలోని వేడిగాలి పైకి పోయే ఏకైక దారిని మీరే మూసినవారవుతారు. మండువాను మూసేసిన ఇళ్లలో మే నెల మధ్యాహ్నం నిలబడి చూసినవారు ఆ షీటును ఇంకొకరికి సిఫారసు చేయరు.

జల్లు మాత్రమే మీ ఇబ్బంది అయితే చిన్న మార్పు చాలు. చూరుల అంచున గాల్వనైజ్డ్ తొట్టి కాలువ పెట్టించి, నాలుగు మూలల నుంచి గొట్టాల ద్వారా నీటిని మండువా తూములోకి దింపండి. పెంకుల అంచు నుంచి నేల మీద పడి చిందే నీరే వసారాలను ఎక్కువగా తడుపుతుంది. అది ఆగితే తడి చాలావరకు తగ్గుతుంది. కాలువ పొంగినా ఆ నీరు మండువాలోనే పడుతుంది గనుక ఇంటికి ముప్పు ఉండదు. అంతకు మించి కప్పు కావాలనుకుంటే, మండువా మీద విడిగా ఇనుప చట్రం నిలబెట్టి, పెంకుల కంటే కనీసం రెండడుగుల ఎత్తున కప్పు వేసి, నాలుగు పక్కలా జాలీ మాత్రమే పెట్టండి. ఆ చట్రం బరువును పాత టేకు స్తంభాల మీద మోపవద్దు. దాని కాళ్లకు వేరే పునాది వేయాలి. దొంగల భయం, కోతుల బెడద అయితే కప్పు మాట మాని గ్రిల్ వేస్తే సరిపోతుంది.

బాత్‌రూమ్ విషయంలో, అత్తగారి గదికి వెనుక పెరటి వసారా ఉందని ఉత్తరంతో పాటు పంపిన పటంలో కనిపిస్తోంది. అందులో సగం భాగం దీనికి చక్కగా సరిపోతుంది. మామూలుగా ఇలాంటి ఇళ్లలో వసారా గది కంటే అర అడుగు పల్లంగా ఉంటుంది. ఆ పల్లాన్ని లోపంగా చూడకండి. వసారా నేలను గది మట్టానికి కాస్త తక్కువగా లేపితే, ఆ మధ్యలో గొట్టాలు వాలుగా పోవడానికి చోటు దొరుకుతుంది, గది నుంచి బాత్‌రూమ్‌లోకి మెట్టు లేకుండా నడిచిపోవచ్చు. నీరు గదిలోకి రాకుండా గడపకు బదులు అర అంగుళం వాలు, తలుపు కింద సన్నని గాడి చాలు. మోకాళ్ల నొప్పులున్నవారికి గడప దాటడం కంటే రాత్రి చీకట్లో గడపను గుర్తుపట్టలేకపోవడం ఎక్కువ ప్రమాదం.

తలుపు మూడడుగుల వెడల్పుతో, బయటికి తెరుచుకునేలా పెట్టించండి. లోపలికి తెరుచుకునే తలుపు వెనుక మనిషి పడిపోతే బయటివాళ్లు తెరవలేరు. కమోడ్ సీటు ఎత్తు పద్దెనిమిది అంగుళాల దగ్గర ఉంటే లేవడం సులువు. పట్టుకునే కమ్మీలను కొత్తగా కట్టే ఇటుక గోడకే బిగించాలి. సున్నం గోడలో బోల్టులు నిలవవు. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది: కొత్త బాత్‌రూమ్‌లో షవర్, కుళాయిలు ఉండే తడి వైపును పాత గోడకు ఆనించవద్దు. గదికీ బాత్‌రూమ్‌కూ మధ్యనున్న పాత గోడకు రెండు మూడు అంగుళాల దూరంలో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ విడిగా లేపి, గొట్టాలన్నీ అందులోంచే తీసుకెళ్లండి. ఆ సందు పైన తెరిచి ఉంటే పాత గోడ ఆరుతూ ఉంటుంది, కింద వాలు ఉంటే అందులో చేరే తేమ బయటికి పోతుంది.

చెమ్మకు సిమెంటు పరిష్కారం కాదు. మీ ప్రాంతంలో భూగర్భ జలం పైపైనే ఉంటుంది. పునాదిలో అడ్డుపొర లేని పాత గోడ ఆ తేమను కిందినుంచి పీల్చుకుంటుంది. సున్నం పూత ఆ తేమను గాలిలోకి వదిలేస్తుంది, తేమతో వచ్చిన ఉప్పు వల్ల తాను పొడిపొడిగా రాలి గోడను కాపాడుతుంది. మీరు దాని మీద సిమెంటు పూస్తే తేమకు దారి మూసుకుపోయి, ఇప్పుడు మూడడుగుల దగ్గర ఆగిన మచ్చ ఇంకాస్త పైకి ఎగబాకుతుంది. కొన్నాళ్లకు సిమెంటు పెచ్చుగా విడిపోతూ పాత ఇటుకనూ ఊడదీస్తుంది. రాలిన పూతను పూర్తిగా గీకేసి, గోడను ఒక వేసవి అంతా ఆరనిచ్చి, సున్నం, ఇసుక కలిపిన పూతే మళ్లీ వేయించండి. పైన ప్లాస్టిక్ ఎమల్షన్ వద్దు, సున్నం వెల్లే చాలు. అంతకంటే ముందు, ఇంటి చుట్టూ చూరు నీరు గోడ మొదట్లో నిలవకుండా మట్టాన్ని బయటికి వాలుగా సరిచేయించండి. తాపీ మేస్త్రీలు ఈ చివరి పనిని పనిగానే లెక్కపెట్టరు, కానీ చెమ్మలో చాలా భాగం దీనితోనే తగ్గుతుంది.

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో పాతికేళ్ల కింద కట్టిన అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. వంటగదికీ హాలుకూ మధ్య గోడ తీసేసి ఓపెన్ కిచెన్ చేయిద్దామని మా కోడలి కోరిక. గోడ సన్నగానే ఉంది, తీసేయవచ్చని కాంట్రాక్టరు చెబుతున్నాడు. నమ్మవచ్చా? (ఒక విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: ఆ కాలపు అపార్ట్‌మెంట్లలో బరువును పిల్లర్లు, బీములు మోస్తాయి, మధ్య గోడలు గదులను వేరుచేయడానికే ఉంటాయి కనుక మీ కాంట్రాక్టరు మాట నిజమయ్యే అవకాశం ఎక్కువ. అయినా మందాన్ని బట్టి మాత్రం నిర్ణయించవద్దు. ద్వారబంధం దగ్గర టేపు పెట్టి చూడండి: పూతతో కలిపి ఆరు అంగుళాల లోపు ఉంటే అది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, పది అంగుళాల దగ్గర ఉంటే తొమ్మిది అంగుళాల గోడ. ఆపైన గోడకు పైన స్లాబు కింద బీము కనిపిస్తోందా, మీ పై అంతస్తులో సరిగ్గా అదే చోట గోడ ఉందా అని చూడాలి. బీము లేకుండా స్లాబు మీదే పైవారి గోడ నిలిచి ఉంటే, పాతికేళ్లలో ఆ స్లాబు కొద్దిగా వంగి మీ గోడ మీద ఆనుకుని ఉండవచ్చు. అలాంటప్పుడు మోయడానికి కట్టని గోడ కూడా మోస్తూనే ఉంటుంది. అందుకని బిల్డరు లేదా అసోసియేషన్ దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగులు అడిగి తీసుకుని, స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి చూసి లిఖితపూర్వకంగా చెప్పాకే సుత్తి పట్టించండి. ఆయన ఫీజు మీ కొత్త గ్రానైట్ ఖర్చుకు ఏ మూలకూ రాదు.

కొత్త టవర్లలో ఉంటున్న పాఠకులకు ఒక ముక్క: అల్యూమినియం అచ్చుల్లో పోసే, వాడుకలో మీవాన్ అని పిలిచే పద్ధతిలో కట్టిన ఫ్లాట్లలో గోడలు కాంక్రీటువే, భవనాన్ని మోసేవీ అవే. వాటిలో కిటికీ అంత రంధ్రం కూడా సొంతంగా చేయకూడదు.

ఇంజినీరు సరేనన్నా, గోడ మొత్తం తీయించవద్దనే నా సలహా. మన వంటలో తాళింపు ఉంది, వేపుళ్లు ఉన్నాయి. హాల్లో సోఫా బట్టకు ఎండుమిర్చి ఘాటు పట్టుకుంటే ఓపెన్ కిచెన్ మీద మోజు ఆరు నెలల్లో తీరిపోతుంది. కింద మూడడుగుల గోడ ఉంచి పైన గ్రానైట్ పలక వేసి, ఆపైన జరిపే గాజు తలుపులు పెట్టించండి. కోడలికి హాలు కనబడుతుంది, వేపుడు వేళ గాజు జరుపుకోవచ్చు. చిమ్నీ పొగను బయటికి పంపే డక్ట్ ఉన్నదే కొనండి. వడపోసి గాలిని మళ్లీ గదిలోకే వదిలేవి మన పొయ్యి ముందు ఎక్కువ కాలం నిలవవు.

ప్రశ్న: విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఇంట్లో హాలు స్లాబు పెచ్చులూడుతోంది, లోపలి చువ్వలు కనిపిస్తున్నాయి. ఫాల్స్ సీలింగ్ వేస్తే చూడటానికి బాగుంటుందని అంటున్నారు. (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: వద్దు. ఇది అందానికి సంబంధించిన సమస్య కాదు. ఉప్పుగాలిలోని క్లోరైడులు కాంక్రీటులోకి చొరబడి చువ్వను తుప్పు పట్టిస్తాయి. తుప్పు అసలు ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి చుట్టూ ఉన్న కాంక్రీటును నెట్టి పగలగొడుతుంది. దాన్ని ఫాల్స్ సీలింగ్‌తో కప్పితే తుప్పు కళ్లకు కనిపించకుండా పెరుగుతుంది, ఊడిన పెచ్చు బరువు ఆ జిప్సమ్ మీద, కింద కూర్చున్నవారి మీద పడుతుంది. గదిలోని ఫర్నిచర్ ఆ చోటు కింద నుంచి ఇవాళే జరపండి.

బాగుచేసే పద్ధతి ఇది. బోలుగా మోగే కాంక్రీటునంతా సుత్తితో తట్టి చూసి తొలగించాలి, చువ్వను వెనుక వైపు కూడా బయటపెట్టాలి, తుప్పును మెటల్ మెరిసేదాకా గీకాలి, తుప్పునిరోధక పూత వేయాలి, ఆ తర్వాత పాలిమర్ కలిపిన మోర్టారుతో నింపాలి. చువ్వ మందం బాగా తగ్గిపోయిందని తేలితే కొత్త చువ్వ జతచేయాల్సి రావచ్చు. ఎంత తగ్గిందో, పని చేసేటప్పుడు స్లాబుకు కింద ఆసరా కర్రలు పెట్టాలో లేదో ఇంజినీరు నిర్ణయించాలి. మామూలు సిమెంటు ముద్దతో పూసి వెళ్లేవారిని పని మధ్యలోనే ఆపండి. పైన మేడ మీద నీరు నిలిచే చోట్లను ఇదే పనిలో సరిచేయకపోతే, కిందినుంచి ఎంత చేసినా రెండు వర్షాకాలాలు గడవవు.

ప్రశ్న: గుంటూరులో మా మేడ మీది వాటాలో వంటగది ఈశాన్యంలో ఉంది. దాన్ని ఆగ్నేయంలోని పడకగదిలోకి మార్చమని వాస్తు చూసినవారు చెప్పారు. మారిస్తే ఏవైనా చిక్కులుంటాయా? (ఒక దంపతులు, గుంటూరు)

జవాబు: వాస్తు మీద నేను తీర్పు చెప్పను, అది మీ నమ్మకం. నీటి గొట్టం వాస్తు వినదు కాబట్టి దాని లెక్క మాత్రం చెబుతాను. సింకు నుంచి పోయే మురుగునీటి గొట్టానికి సుమారు నలభై అడుగులకు ఒక అడుగు వాలు ఉంటే జిడ్డు నిలవదు. మీరు పంపిన కొలతల ప్రకారం కొత్త సింకు నుంచి పాత గొట్టానికి పద్నాలుగు అడుగులు, అంటే నాలుగు అంగుళాలకు పైగా పల్లం కావాలి. స్లాబు మీద అంత వాలు కావాలంటే గది నేలను అయిదారు అంగుళాలు లేపాలి, అప్పుడు ద్వారబంధం పొట్టిదవుతుంది, గుమ్మంలో మెట్టు వస్తుంది, స్లాబు మీద వేలాది కిలోల నింపుడు బరువు పడుతుంది.

మీ విషయంలో కింది వాటా కూడా మీదే కాబట్టి స్లాబు కింద గొట్టాన్ని వేలాడదీసి అక్కడ చిన్న సీలింగ్‌తో కప్పడం తేలిక. ఇంకా తేలికైనది, ఆగ్నేయం గది బయటి గోడ వెంట కొత్త గొట్టం దించి ఇంటి బయట ఛాంబర్‌లో కలపడం. ఒకవేళ వాస్తు చూసినవారు ఒప్పుకుంటే, ఉన్న వంటగదిలోనే పొయ్యిని ఆగ్నేయ మూలకు జరపడం అన్నింటికంటే చవక. ఒక్కమాట ముందుగా అడిగి చూడండి.

ప్రశ్న: కరీంనగర్‌లో పై అంతస్తులో ఉంటున్నాం. వేసవిలో రాత్రి పదకొండు దాటినా స్లాబు వేడి దిగదు. ఫాల్స్ సీలింగ్ వేయించాలా, మేడ మీద తెల్ల పెయింట్ వేయించాలా? (ఒక పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: ముందు మేడ మీద. పగలంతా ఎండను పీల్చుకున్న స్లాబు రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. ఎండను పైనే వెనక్కి కొడితే స్లాబు అంతగా వేడెక్కదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో విడుదల చేసిన కూల్ రూఫ్ విధానం ఈ సూత్రం మీదే ఆధారపడింది. 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకు దాన్ని తప్పనిసరి చేసి, అంతకంటే చిన్న స్థలాలవారి ఇష్టానికి వదిలేసింది.

పగుళ్లు, పిట్టగోడ మొదట్లో ఉండే సందులు ముందు పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ అయ్యాకే పెయింట్ వేయించండి. తెలుపు మీద దుమ్ము పేరుకుంటే పని తగ్గుతుంది కనుక ఏటా ఫిబ్రవరి చివర్లో మేడను ఒకసారి కడిగించుకోవాలి. డబ్బు కొంచెమే ఉంటే సున్నం వెల్ల కూడా ఆ వేసవికి పనికొస్తుంది, కాకపోతే వానలకు కొట్టుకుపోతుంది. ఫాల్స్ సీలింగ్ గురించి రెండో ఏడాది ఆలోచించండి. అప్పుడు కూడా దాని పైన గాలి పోయే జాలీలు ఉండాలి, గది ఎత్తు తొమ్మిదడుగులకు తగ్గకూడదు. మీ గది ఇప్పటికే తొమ్మిదిన్నర అడుగులే అని రాశారు కాబట్టి, ఫ్యాను రెక్కల పైన మిగిలే చోటు కొలిచాకే బయానా ఇవ్వండి.