మయూరి పార్క్ పక్కన కిరాయి ఇల్లు: గేటు ఎక్కడుందో ముందు చూడండి

అన్నా, మీకు జడ్చర్ల కాడి పోలేపల్లి సెజ్‌లో ఉద్యోగం వచ్చింది, హైదరాబాద్ నుంచి ఇంటిల్లిపాదీ పాలమూరుకు, అదే మహబూబ్‌నగర్‌కు, మారుతున్నరు, అమ్మకు షుగర్ ఉంది, రోజూ నడవమని డాక్టర్ చెప్పిండు, బాబు మూడో తరగతి. మయూరి పార్క్ పక్కన అపార్ట్‌మెంట్ తీసుకుంటే మంచిదేనా అని మీరు అడిగిన్రు. మంచిదే. మేం ఆ వైపే కిరాయికి ఉంటున్నం. మా అత్తమ్మ కోసమే ఊళ్లో ఉన్న న్యూటౌన్ నుంచి ఇటు మారినం. ఆమెకూ షుగరే, పైన మోకాళ్ల నొప్పులు. అందుకే మీ అమ్మను మనసులో పెట్టుకొనే రాస్తున్న.

ఇల్లు చూసేటప్పుడు అందరూ పార్కు ఎంత దగ్గర అని అడుగుతరు. అడగాల్సింది గేటు ఎంత దగ్గర, ఇంటికీ గేటుకూ మధ్యలో ఏమున్నది అని. హైదరాబాద్‌లో కాలనీ పార్కు అంటే ఎకరమో రెండెకరాలో ఉంటది, ఏ మూల నుంచి పోయినా ఐదు నిమిషాల్లో లోపల ఉంటరు. ఇక్కడ లెక్క వేరు. కేసీఆర్ అర్బన్ ఎకో పార్క్ అని పేరు పెట్టిన ఈ మయూరి పార్క్ 2087 ఎకరాలు. అంటే దాదాపు ఎనిమిదిన్నర చదరపు కిలోమీటర్లు. సరిగ్గా చదరంగా గీసినా చుట్టుకొలత పదకొండు కిలోమీటర్లు దాటుతది. ఆ పదకొండు కిలోమీటర్ల అంచులో ఎక్కడ ఇల్లున్నా ఓనరు 'పార్కు పక్కనే' అనొచ్చు, అది అబద్ధం కూడా కాదు. కానీ మీ అమ్మ కంచె మీది నుంచి దూకి పోలేదు కదా.

మేం ఇల్లు వెతికేటప్పుడు ఒకటి చూసినం. బాల్కనీలో నిలబడితే ఎదురుగ అంతా అడవే, పొద్దుగాల నెమళ్ల అరుపు వినిపిస్తది. మా ఆయనకు అక్కడికక్కడే నచ్చేసింది. నేను ఓనరును ఒకటే అడిగిన, గేటు దాకా నడిచి పోయే తొవ్వ ఎటు అని. మెయిన్ రోడ్డు ఎక్కాలె, రోడ్డు దాటాలె, అంచు వెంబడి నడవాలె అన్నడు. ఆ రోడ్డు మామూలు రోడ్డు కాదన్నా. కర్ణాటకలో రాయచూర్ దిక్కు నుంచి పాలమూరు, జడ్చర్ల మీదుగా కోదాడ వైపు పోయే 167 నంబరు జాతీయ రహదారి. లారీలు, బస్సులు, జడ్చర్ల కాడ 44వ హైవే ఎక్కాలని ఉరికే కార్లు. పొద్దున ఐదున్నరకు, ఇంకా మసక ఉండంగనే, మోకాళ్ల నొప్పులున్న మనిషిని ఆ రోడ్డు దాటించుడు నాకు మనసొప్పలేదు. ఆ ఇల్లు వదిలేసి, బాల్కనీ నుంచి చెట్టు కూడా కనిపించని ఇంకో ఇల్లు తీసుకున్నం. అక్కడి నుంచి గేటుకు లోపలి గల్లీల్లోంచే పోవచ్చు. అత్తమ్మ ఒక్కతే పోయి ఒక్కతే వస్తది. ఈ మాట ఇంత పొడుగు చెప్తున్ననంటే, పార్కు కోసం వచ్చి పార్కుకు పోకుండ ఇంట్ల కూసునే పెద్దోళ్లను ఈ వైపు చాన మందిని చూసిన. ఇల్లు దగ్గరే, తొవ్వే లేదు.

కాబట్టి ఇల్లు చూడనీకి వచ్చినప్పుడు అమ్మను కూడా తోల్కరండి. ఎండెక్కినాక కారులో కాకుండా, పొద్దుగాల, ఆమె చెప్పులతోటే ఇంటి నుంచి గేటు దాకా నడవనియ్యండి. నడుమ కుక్కలున్నయా, వీధి దీపాలు వెలుగుతున్నయా, మోరీ మీద బండలు సరిగ్గ ఉన్నయా, అంతా ఆ నడకలోనే తెలుస్తది.

ఇంకో సంగతి, షుగర్ ఉన్నోళ్లకు ఇది ముఖ్యం. పార్కుకు టికెట్ ఉంటది, తెరిచే వేళ, మూసే వేళ ఉంటయి. అది అటవీ శాఖ కింద ఉన్న అడవి, చీకటి పడ్డంక లోపల ఉండనియ్యరు. కానీ రాత్రి అన్నం తిన్న తర్వాత ఓ పది పదిహేను నిమిషాలు నడిస్తే షుగర్ అంత ఎక్కువ ఎగబాకదు. మా అత్తమ్మకు ఆ రాత్రి నడకే బాగా పని చేసింది. ఆ నడక పార్కులో కుదరదు, ఇంటి ముంగటే కుదరాలె. అందుకే అపార్ట్‌మెంట్ చుట్టూ నడిచే జాగ ఉన్నదా, లేకపోతే ముందు గల్లీలో బండ్ల రాకపోకలు తక్కువేనా అని తప్పకుండ చూడండి. టెర్రస్ తాళం చెవి ఇస్తరా అని కూడా అడగండి, వానాకాలంల గల్లీ బురదైతే టెర్రసే దిక్కు. పార్కులో రోజూ నడిచేటోళ్లకు పాస్ ఉన్నదా అనేది కౌంటర్ కాడ అడిగితే చెప్తరు, అడగనిదే చెప్పరు.

నీళ్ల విషయంల ఎవరి మాటా నమ్మకండి. పాలమూరు నీళ్లకు ఎంత ఏడ్చిన ఊరో మీకూ తెలిసే ఉంటది. మిషన్ భగీరథ నల్లా వచ్చినంక తాగే నీళ్ల కష్టం తగ్గింది, నిజమే. కానీ వాడకానికి ఇప్పటికీ అపార్ట్‌మెంట్లన్నీ బోరు మీదనే బతుకుతున్నయి. కింద గట్టి బండ. వానలు పడ్డప్పుడు ఏ బోరైనా పోస్తది. మీరు జూలైల వచ్చి మోటరు వేసి చూస్తే బ్రహ్మాండంగ కనిపిస్తది. కాబట్టి ఓనరును కాదు, కింది పోర్షన్ల ఉన్నామెను అడగండి, పోయిన ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్ తెప్పించుకున్నరా అని. తెప్పించుకుంటే ఆ పైసలు మెయింటెనెన్స్‌లో కలిపిన్రా, ఇంటికింత అని విడిగా వసూలు చేసిన్రా అనేది కూడా కనుక్కోండి. కిరాయి తక్కువని సంబరపడి, ఎండాకాలంల ట్యాంకర్లకే ఆ మిగిలింది పోసిన కుటుంబాలు మా గల్లీలోనే ఉన్నయి.

అడవి పక్కన ఉండుడంటే అడవి కూడా మన పక్కన ఉండుడు. కోతుల గురించి ఎవరూ ముందుగాల చెప్పరు. పై అంతస్తులకే ఎక్కువ వస్తయి, వంటింటి కిటికీలోంచి చెయ్యి పెట్టి గిన్నె గుంజుకపోతయి. బాబు చేతిలో తినేది ఉంటే మీదికొస్తయి, అది భయపడాల్సిన సంగతే. బాల్కనీకి, వంటింటి కిటికీకి ఇనుప జాలి ఉన్న ఇల్లే తీసుకోండి. లేకపోతే అడ్వాన్స్ ఇయ్యకముందే పెట్టించుమనండి. ఇచ్చినంక ఎవ్వరూ పెట్టియ్యరు. కింది అంతస్తుకు వేరే బాధ, వానలు మొదలైనంక తేళ్లు, జెర్రిలు, ఒక్కోసారి పాములు. ఆవరణలో పిచ్చి మొక్కలు, ఇటుకల కుప్ప ఉంటే ఇంకా ఎక్కువ. మీ అమ్మకు షుగర్ కాబట్టి కాళ్లకు స్పర్శ తగ్గి ఉండొచ్చు, చీకట్ల చెప్పుల్లేకుండ ఆవరణల తిరగొద్దని చెప్పండి. నన్నడిగితే మొదటి, రెండో అంతస్తు మేలు. కరెంటు పోయి లిఫ్ట్ ఆగినా ఆమె మెట్లు ఎక్కగలుగుతది. మే నెలల ఈదురుగాలి లేస్తే చెట్టు కొమ్మలు తీగల మీద పడి కరెంటు పోవుడు ఈ వైపు మామూలే.

ఇక మీ ఉద్యోగం. పాలమూరు నుంచి జడ్చర్ల పదిహేను కిలోమీటర్ల వరకు ఉంటది, పార్కు ఆ తొవ్వలోనే కాబట్టి మీకు ఊళ్లో ఉన్నోళ్ల కంటే దగ్గరైతది. కంపెనీ బస్సు ఎక్కడ ఆపుతదో ఇల్లు ఖాయం చేసుకోకముందే మీతోటి పనిచేసేటోళ్లను అడగండి. నైట్ షిఫ్ట్ ఉంటే మరీ ముఖ్యం. రైలు పట్టాలకు దగ్గర ఇల్లయితే అప్పన్నపల్లి బ్రిడ్జి దిక్కు రాత్రంతా రైళ్ల చప్పుడు ఉంటది, పగలు పండుకునే మనిషికి అది కష్టం. అమ్మకు, మీ ఇంటామెకు ఊళ్లోకి పోనీకి ఆర్టీసీ బస్సులో ఖర్చు లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడోళ్లకు ఉచితం, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. అయితే ఎక్స్‌ప్రెస్ ప్రతి స్టాపుల ఆగదు, పల్లెవెలుగు ఆగే స్టాపుకు నడిచేంత దూరంల ఇల్లు చూసుకోండి. బడి బస్సులు ఈ వైపు వస్తయి, బాబు గురించి అంత రంది అక్కర్లేదు.

కిరాయి కాగితం పదకొండు నెలలకే రాస్తరు. ఏడాదికి మించిన లీజును రిజిస్ట్రేషన్ చేయించాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టంల ఉంది, ఆ ఖర్చు తప్పించుకోనీకి అందరూ పదకొండే రాసుకుంటరు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరు మీద ఒక నెల అడ్వాన్స్ పట్టుకుంటరు, ఎంత పట్టుకుంటరో, ఏటా ఎంత పెంచుతరో కాగితం మీద రాయించుకోండి. దివిటిపల్లి దిక్కు ఐటీ టవర్, బ్యాటరీ ఫ్యాక్టరీ అని ఈ వైపు ఇండ్లకు గిరాకీ పెరుగుతున్నది, నోటి మాట మీద ఉంటే వచ్చే ఏడు మాట మారుతది. కరెంటు మీటరు మీ పోర్షన్‌కు విడిగా ఉండాలె. ఒకటే మీటరు మీద రెండిండ్లు నడిస్తే యూనిట్లన్నీ కలిసి పై స్లాబుకు ఎక్కుతయి, బిల్లు మీరు వాడినదానికంటే ఎక్కువ పడ్తది. తెల్ల రేషన్ కార్డు ఉంటే కిరాయికున్నోళ్లకూ గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు వర్తిస్తది, దానికీ విడి మీటరు నంబరు కావాలె.

పార్కు దగ్గరే ఉండాలని మీరు పట్టుబట్టకపోతే ఇంకో తొవ్వ కూడా ఉంది. రోజు నడకకు పెద్ద చెరువు కట్ట గానీ స్టేడియం గానీ దగ్గరుండేటట్టు ఊళ్లోనే ఇల్లు తీసుకొని, మయూరికి ఆదివారం పోవచ్చు. మీ అమ్మ డాక్టర్ దగ్గరికి తరచు పోవాల్సి ఉంటే, రాత్రిపూట మందుల షాపు అవసరం పడేటట్టుంటే, నేను మీకు ఇదే చెప్త. పచ్చదనం ఎంత ఉన్నా, అర్ధరాత్రి షుగర్ పడిపోయినప్పుడు ఆస్పత్రి దగ్గరుండాలె. ఆమె ఆరోగ్యం నిలకడగనే ఉంది, నడకే కావాలె అంటే మాత్రం ఇటు రండి.

వచ్చినంక మీకే తెలుస్తది, ఇక్కడ కాలం చెట్ల మీద కనిపిస్తది. శివరాత్రి దాటితే మోదుగ ఎర్రగ పూస్తది, బతుకమ్మకు తంగేడు పసుపుపచ్చగ నిండుతది, దసరా తర్వాత రోడ్ల మీద సీతాఫలాల గంపలు దిగుతయి. దేశమంతా బాలానగర్ రకం అని పేరున్న సీతాఫలం మన జిల్లా బాలానగర్‌దే. షుగర్ ఉన్న అమ్మకు మాత్రం పండు ఇష్టమొచ్చినంత ఇయ్యకండి, మా అత్తమ్మతో ఏటా అదే కొట్లాట.

మీ షిఫ్టు వేళలు, అమ్మ ఎంత దూరం ఆగకుండ నడవగలుగుతదో ఇక్కడే రాయండి. ఏ గల్లీ నుంచి హైవే దాటకుండ గేటుకు పోవచ్చో, పల్లెవెలుగు ఎక్కడ ఆగుతదో చెప్త.