యూరియా బస్తా విప్పే ముందు

అల్లుడూ,

వరి ఉభాలు, అదే నాట్లు, అయిపోయాయని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎకరాకి మూడు బస్తాల లెక్కన యూరియా తెచ్చి వసారాలో పేర్చావట. అది విన్నాక ఉండబట్టలేక రాస్తున్నాను.

45 కిలోల బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైమాటే. నువ్వు దమ్ములో వేసిన డీఏపీ ఎరువు బస్తాలో ఇంకో 9 కిలోలు ఉంది. అది ఎవరూ లెక్కలో వెయ్యరు. నేను పశువుల గెత్తం తోలుతాను, దుక్కిలో జీలుగ పచ్చిరొట్ట కలియదున్నుతాను. పైన ఎకరాకి ఒక డీఏపీ, ఒక యూరియా. మన స్వర్ణ రకం వరికి అది సరిపోతోంది.

పక్కోడి చేను యూరియాకి ముదురాకుపచ్చగా, నల్లగా కనిపించిందని పోటీపడకు. నీ వయసులో నేనూ అలాగే పోటీపడి యూరియా ఎక్కువేశాను. పొట్ట దశలో దుబ్బు విడదీసి చూస్తే మొదలు దగ్గర సుడిదోమ, అదే రసం పీల్చే పురుగు, పొడి చల్లినట్టు ఉంది. పది రోజుల్లో చేను సుడులు సుడులుగా ఎండిపోయింది. మిగిలింది చిన్న వానకే పడిపోయింది. 2018లో వచ్చిన తిత్లీ తుపాను లాంటి గాలొస్తే ఎవరి చేనూ నిలబడదనుకో, అది వేరే సంగతి.

అసలు తప్పు నీళ్ల దగ్గర జరుగుతుంది. నిండు మడిలో యూరియా చల్లితే కొంత అమ్మోనియా అయి గాల్లో కలుస్తుంది, కొంత గట్టు పొర్లి గెడ్డలోకి, అదే వాగులోకి, పోతుంది. మన చెరువులో గుర్రపుడెక్క ఊరికే పెరగలేదు. ఇంకొంత నైట్రేటుగా మారి నూతిలోకి దిగుతుంది. తాగే నీళ్లలో అది లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు, పసిపిల్లలకి మరీ ముప్పు. కాస్త నైట్రస్ ఆక్సైడ్ కూడా అవుతుంది. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకి సుమారు 270 రెట్లు. 2015 నుంచి యూరియా అంతా వేపపూతతోనే వస్తోంది, మంచిదే. కానీ పొర్లిపోయే నీళ్లని ఆ పూత ఆపుతుందా?

అందుకని ముందు మదుం, అదే గట్టుకున్న నీటి దారి, తీసి, మడిని బురదపదునుకి తే. బస్తాకి పది కిలోల వేపపిండి కలిపి, రెండ్రోజులు ఉంచి చల్లు. మర్నాడో, ఆ మర్నాడో పలచగా నీళ్లు పెట్టి మదుం కట్టెయ్. మబ్బు పట్టి ఉంటే ఆ రోజు మానెయ్. యూరియాలో ఒక సగం పిలకలేసి దుబ్బు కట్టేటప్పుడు, ఇంకో సగం చిరుపొట్టకి, అంటే లోపల వెన్ను పుట్టే దశకి, ముందు. పొట్ట దాటాక ఒక్క యూరియా గింజ కూడా వెయ్యకు.

బస్తా మనకి 270 రూపాయల లోపే దొరుకుతోంది గనక చులకన. అసలు ఖరీదు దానికి ఎన్నో రెట్లు, తక్కింది సర్కారు భరిస్తోంది. దాని తయారీకి వాడే గ్యాసులో చాలా భాగం ఓడల్లో పైదేశాల నుంచి రావాలి. దాన్ని నువ్వు గెడ్డలో పోస్తానంటే ఎలా?

మిగిలిన బస్తాలు చెక్కల మీదికి ఎక్కించు, చెమ్మకి గడ్డకడతాయి. అయినా నీకెందుకు అన్ని? ఒకటి నాకియ్యి, డబ్బులిస్తాను.

ఆదివారం ఆకురంగు పట్టిక పట్టుకొస్తాను. పది దుబ్బుల్లో పైనున్న విచ్చిన ఆకు నడిమి భాగం మన నీడలో పెట్టి చూడాలి. సగానికి పైగా నాలుగో రంగు కన్నా లేతగా ఉంటేనే బస్తా విప్పుదాం. పదింటి లోపే చేలో ఉండు, ఎండెక్కితే రంగు తెలీదు.

మీ మావయ్య
నరసన్నపేట