గ్యాస్ బావి దగ్గర క్రేన్ పని: నష్టమంతా నాదేనా?

ప్రశ్న: నాకు రెండు క్రేన్లున్నాయి. కోనసీమలో గ్యాస్ బావి దగ్గర రిగ్ (బావి తవ్వే యంత్రం) సామాను ఎత్తి దించే పని సబ్ కాంట్రాక్టుగా వచ్చింది. ‘నిర్లక్ష్యం ఎవరిదైనా సైట్‌లో జరిగే నష్టమంతా క్రేన్ యజమానిదే’ అని అగ్రిమెంటులో ఉంది. ఇన్సూరెన్స్ ఉంది కదా, సంతకం చేయొచ్చా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: ఆ వాక్యం మారేదాకా సంతకం పెట్టకండి. మీ ఊరి వైపు సిమెంటు ఫ్యాక్టరీ పనుల లెక్కతో దీన్ని చూడొద్దు. 1995 జనవరిలో కోనసీమలోనే పాశర్లపూడిలో బ్లోఅవుట్ (బావిలోంచి గ్యాస్ అదుపు తప్పి ఎగజిమ్మడం) జరిగితే మంటలు ఆరడానికి 65 రోజులు పట్టింది. అలాంటిదేదైనా జరిగితే, మీ తప్పు లేకపోయినా, ఆ వాక్యం పట్టుకుని మీ ఇల్లూ పొలం దాకా వస్తారు. కోర్టు కొట్టేస్తుందిలే అనుకోవద్దు. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 124 ప్రకారం ఇతరుల చర్య వల్ల కలిగే నష్టానికి పూచీ పడటం కూడా చెల్లుతుంది.

చమురు, గ్యాస్ రంగంలో ‘నాక్ ఫర్ నాక్’ అనే పద్ధతి ఎప్పట్నుంచో ఉంది. తప్పు ఎవరిదైనా, మీ మనుషులకూ యంత్రాలకూ జరిగింది మీరు భరిస్తారు, వాళ్లవాటికి జరిగింది వాళ్లు భరిస్తారు. ఎవరి వంతుకు వాళ్లు ఇన్సూరెన్స్ చేసుకుంటారు. బావి, బ్లోఅవుట్, దాని కాలుష్యం మామూలుగా ఆపరేటర్ కంపెనీ (బావిని నడిపే సంస్థ) వంతు. ఆ కంపెనీకీ మీకు పనిచ్చిన కాంట్రాక్టరుకూ మధ్య ఉండే పై కాంట్రాక్టులోని ఈ రక్షణ చాలాసార్లు కింది సబ్ కాంట్రాక్టరు దాకా రాదు. నాకు బాధ కలిగించేది ఇదే. ఆ పేజీలు చూపించమని అడగండి, అదే రక్షణ మీకూ రాయించుకోండి.

మీ క్రేన్ పాలసీ క్రేన్‌కు జరిగే నష్టానికి. అగ్రిమెంటు రాసి నెత్తికెత్తుకున్న పరాయి బాధ్యతను లయబిలిటీ పాలసీలు (ఇతరులకు మీ వల్ల జరిగే నష్టానికి తీసుకునేవి) సాధారణంగా మినహాయిస్తాయి. ఆ క్లాజు కాపీ ఇన్సూరెన్స్ కంపెనీకి పంపి, కవర్ ఉందో లేదో ముందే రాతలో తెప్పించుకోండి.

క్రేన్ ఆపరేటరు, హెల్పర్ల పేర్లు ఉద్యోగుల పరిహార పాలసీలో లేకుండా మాత్రం బండి కదిలించకండి. 1923 ఉద్యోగుల పరిహార చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్ కింద గాయపడినవాళ్లు పై కంపెనీనీ అడగొచ్చు; అది కట్టి, మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. పరిహారం అడగబోమని వాళ్లతో రాయించుకున్న కాగితాన్ని నమ్ముకోవద్దు; పాత చట్టం సెక్షన్ 17 కింద అది చెల్లేది కాదు.

నాక్ ఫర్ నాక్‌కు ఒప్పుకోకపోతే, మీ బాధ్యత పాలసీ మొత్తాన్ని మించదనీ, ఆగిన రిగ్ అద్దె, పోయిన ఉత్పత్తి మీ నుంచి అడగరనీ రాయమనండి. దానికీ ఒప్పుకోరా, ఆ పని వదిలేయండి.