లైన్ అంటే ఏ లైనో అడుగు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగానికి హైదరాబాద్ వస్తున్నావని అక్క చెప్పింది. ఇంగ్లిష్ అంటే భయం లేదన్నావట, సంతోషం. కానీ ఇక్కడ ‘లైన్’ అన్న మాట దగ్గర నీ డిగ్రీ పనికిరాదు అల్లుడూ. దాని వెనకాల వచ్చే తెలుగు క్రియను పట్టుకో. లైన్ కట్టమంటే క్యూలో నిలబడు. లైన్లో ఉండమంటే ఫోన్ పెట్టెయ్యకు. లైన్లో పడ్డాడంటే కుర్రాడు బాగుపడ్డాడని. ‘లైన్ వేస్తున్నాడు’ దగ్గర మాత్రం జాగ్రత్త. స్తంభం ఎక్కినవాడి గురించైతే తీగ లాగుతున్నాడని. నీ గురించైతే, పక్కింటివాళ్లు ఆ సాయంత్రమే అక్కకు ఫోన్ చేస్తారు.

కరెంటు డిపార్ట్‌మెంటులో పనిచేసినవాణ్ని కదా, ఒక సంగతి కాస్త ఎక్కువే చెప్తా. స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి ‘ఎల్‌సీ’ తీసుకుంటాడు. అంటే లైన్ క్లియర్. సప్లై ఆపేశారు, తీగ ముట్టుకోవచ్చు అని. రైల్వేవాళ్లు అదే లైన్ క్లియర్ ఇస్తే బండి వచ్చేస్తుంది! అందుకని కరెంటు పోయినప్పుడు ‘ఎల్‌సీలో ఉంది’ అంటే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి గొడవ పెట్టకు, పైన మనిషి ఉన్నాడు. ఇంట్లో జనరేటర్ ఉంటే మెయిన్ ఆపకుండా దాన్ని ఆన్ చెయ్యకు. ఆ కరెంటు వెనక్కి లైన్లోకి పోయి వాడి ప్రాణం తీస్తుంది.

ఇల్లు చూసేటప్పుడు ఓనర్ ‘లైన్ ఉంది’ అంటే తల ఊపెయ్యకు. వాటర్ బోర్డు నల్లా లైనా, బోరు పైపు లైనా? నల్లా అయితే ఏ రోజు, ఎన్నింటికి నీళ్లు వదులుతారో కింద పోర్షన్‌వాళ్లనడుగు. ఓనర్ చెప్పే టైము నమ్మకు. హెచ్‌టీ లైన్, అంటే హై టెన్షన్ కరెంటు తీగల కింద ఇల్లైతే కిరాయి సగమైనా వద్దు. సంక్రాంతికి మాంజా ఆ తీగలకు చుట్టుకుంటే వదిలెయ్, లాగకు.

మెట్రోది సులువే. మూడు లైన్లు. మా దిల్‌సుఖ్‌నగర్‌లో మియాపూర్ వైపు రెడ్ లైన్ ఎక్కి, అమీర్‌పేటలో దిగి, రాయదుర్గం వైపు బ్లూ లైన్ పట్టుకుంటే హైటెక్ సిటీ. సాయంత్రం ఆఫీసులు వదిలాక అమీర్‌పేటలో లైన్ కట్టేవాళ్లెవరూ ఉండరు. బ్యాగు ముందుకు తగిలించుకుని తోసుకెళ్లు.

ఇల్లు దొరికేదాకా మా ఇంట్లోనే ఉండు. బయల్దేరే ముందు అత్తకు ఫోన్ చెయ్.

ఇట్లు,
మామయ్య