మిషను తర్వాత, ముందు బోరు చూడు

అల్లుడా,

నువ్వు పంపిన మిషను కొటేషన్ రెండుసార్లు చదివిన. గంటకు ఎన్ని ఇటుకలు కొడ్తదో, మోటరు ఎన్ని హెచ్‌పీనో, వారంటీ ఎన్నేళ్ళో అన్నీ ఉన్నయి. మే నెలలో మీ బోరు ఎంత పోస్తదో మాత్రం అందులో లేదు. అది నువ్వే చూసి రాసుకోవాలె. పరకాల దిక్కున్న ఆ రెండెకరాల్లో బోరు ఎండాకాలం ఆగిపోయేదైతే ఫ్లైయాష్ ఇటుకల, అంటే కరెంటు ప్లాంట్ల బొగ్గు బూడిదతో చేసే ఇటుకల ముచ్చట ఇక్కడే ఆపుదాం, వేరే పని చూసుకుందువు.

మీ తాత మట్టి ఇటుక మనిషి. చెరువు మన్ను తెచ్చి, తొక్కించి, అచ్చు కొట్టి, ఊకతో బట్టి కాల్చెటోడు. బట్టి విప్పిన నాడే ఇటుక మంచిదో కాదో తేలిపోయేది. రెండు ఇటుకలు ఒకదానికొకటి తాకిస్తే ఖంగుమనాలె, అంతే. బూడిద ఇటుకను కాల్చం. బూడిదలో ఉన్న సిలికా సున్నంతో కలిసి, తేమ ఉన్నన్ని రోజులు మెల్లమెల్లగ పట్టు పడ్తది. సిమెంటు వాడినా అంతే, తడి ఆరిపోతే పని ఆగిపోతది. మిషను ఆకారం ఇస్తదంతే.

నేను మొదలుపెట్టిన ఏడు ఈ సంగతి తెల్వక కాదు, ఆశకు పోయి చెడిపోయిన. ఏప్రిల్ చివర బోరు సన్నబడ్డది. రోజుకు మూడుసార్లు తడపాల్సిన చోట ఒక్కసారి తడిపినం, అది కూడ పైవరసకే. ఓ కాంట్రాక్టరు తొందరపెడితే తొమ్మిదో రోజే లోడు పంపిన. మూడోనాడు ఫోన్ చేసి రమ్మన్నడు. పోయి చూస్తే ఇటుకల మూలలు బిస్కెట్టు లెక్క రాలుతున్నయి. మేస్త్రీ ఒకటి చేతిలోకి తీసుకొని బొటనవేలితో గీకిండు, పొడి రాలింది. ఏమీ అనలేదు, నా దిక్కు చూసిండు. రెండు లారీల మాలు వాపస్ తెచ్చుకున్న, కిరాయి కూడ నాదే. కనీసం 14 రోజుల తడి, ఎండాకాలం గోనెపట్టాలు కప్పి 21 రోజులు. దీంట్లో బేరం లేదు. 28 రోజులకు గాని అసలు బలం తెలువదు.

నీ తరానికి సిమెంటంటే ఫోన్ చేస్తే వచ్చే లారీ. మంచిర్యాలలో ఏసీసీ 1958లో, బసంత్‌నగర్‌లో కేశోరాం 1969లో తయారీ మొదలుపెట్టినా, మన పక్కనే అంత సిమెంటు ఉన్నా, మీ తాతకు పది బస్తాలు కావాలంటే సర్కారు పర్మిట్ కోసం చెప్పులరిగేవి. 1982లో కట్టడి కొంత సడలించిండ్రు, 1989లో పూర్తిగ ఎత్తేసిండ్రు. బూడిదది ఉల్టా కథ. 1983లో రామగుండం ఎన్టీపీసీ థర్మల్ కరెంటు ప్లాంటు మొదటి యూనిట్ నడిచిన కాన్నుంచి గుట్టలుగ పడ్డా అడిగినోడు లేడు. 1999లో కేంద్రం ఉత్తర్వు తెచ్చింది: థర్మల్ ప్లాంటుకు 50 కిలోమీటర్ల లోపల మట్టి ఇటుకలు చేసేటోళ్ళు కనీసం 25 శాతం బూడిద కలపాలె అని. 2003లో ఆ దూరాన్ని 100 కిలోమీటర్లు చేసింది. మా అసొంటోళ్ళకు అప్పుడు కండ్లు తెరుచుకున్నయి. బూడిద, సున్నం, జిప్సం కలిపి కాల్చకుండనే ఇటుక చేసే ఫాల్-జి పద్ధతి కూడ తెలుగు గడ్డ మీదనే పుట్టింది, విశాఖలో భానుమతీదాస్, కాళిదాస్ పైకి తెచ్చిండ్రు.

ఇప్పుడు నీకు చెల్పూరు థర్మల్ ప్లాంటు దగ్గర, రామగుండం దూరం. బూడిద ఎక్కడిదైనా అడగాల్సింది ఒక్కటే: ప్లాంటులో పొగ నుంచి బూడిద పట్టే హాపర్ల నుంచి పొడిగ తెచ్చిందా, బూడిదను నీళ్ళతో కలిపి వదిలే చెరువుల నుంచి తోడిందా? చెరువు బూడిద గరుకుగ ఉంటది, పట్టు తక్కువ. అదీగాక తడి. తూకంలో నువ్వు నీళ్ళకు పైసలు కడ్తవు. లోడు రాంగనే ఓ కిలో తీసి పెనం మీద వేయించి మళ్ళ తూకం వెయ్యి. ఎనిమిది వందల గ్రాములు మిగిలితే, పది టన్నుల్లో రెండు టన్నులు నీళ్ళు కొన్నట్టు. డ్రైవరు ముందటనే వేయించు. రెండోసారి వచ్చేటప్పుడు వాడే జాగ్రత్తగ తెస్తడు.

పాళ్ళు అడిగినవు. నేను నూటికి 60 బూడిద, 30 కంకర మిషను డస్టు, 10 సిమెంటు వేస్త. ఇది రాసుకొని జేబుల పెట్టుకోకు. బూడిద మారితే పాళ్ళు మారాలె, డస్టు మెత్తగ వస్తే మారాలె. సున్నం వాడేటట్టైతే సరిగ ఉడకని రాళ్ళు రాకుండ చూసుకో. అవి గోడ లేచినంక పేలి ప్లాస్టరు మీద పొక్కులు తెస్తయి.

పరీక్ష నువ్వే చెయ్యి. ఆరిన ఇటుకను తూకమేసి, 24 గంటలు నీళ్ళలో ఉంచి మళ్ళ వెయ్యి. మామూలు తరగతి ఇటుక 20 శాతం మించి నీళ్ళు పీల్చొద్దని ఐఎస్, అంటే ఇండియన్ స్టాండర్డ్ లెక్క. మూడు కిలోల ఇటుక ఆరు వందల గ్రాములు దాటితే ఆ బ్యాచిని పక్కకు పెట్టు. బలం సంగతి వరంగల్ ఎన్ఐటీ సివిల్ ల్యాబుకు ఇయ్యి. ఆ కాగితం ఉంటే ఇంజనీర్లు మాట్లాడే తీరే మారుతది. ఒకాయన నన్ను, రామప్ప గోపురం ఇటుకలు నీళ్ళ మీద తేలుతయి, మీవెందుకు మునుగుతయి అని అడిగిండు. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడికి, నా అంగడికి పోలిక పెట్టినందుకు ఛాయ్ తాగించి పంపిన.

ఉద్దెర గురించి మీ అమ్మ ఇప్పటికే చెప్పి ఉంటది. సగం పైసలు చేతికి రానిదే బండి కదలనియ్యకు, చుట్టమైనా సరే. నాకు ఇప్పటికీ రావాల్సినయి చుట్టాల దగ్గర్నే ఉన్నయి. లైసెన్సులు, జీఎస్టీ మీ ఆడిటర్ చూసుకుంటడు.

కొటేషన్‌కు అడ్వాన్సు ఇప్పుడే ఇయ్యకు. ఆదివారం రా, మా యార్డులో పొద్దంతా ఉండు, తడిపే పిల్లగానితో నువ్వు కూడ పైపు పట్టు. వచ్చేటప్పుడు మీ బోరు నీళ్ళు ఓ సీసాలో తే. మీ దిక్కు నీళ్ళల్ల ఉప్పు ఉంటే గోడల మీద తెల్లగ చౌడు పూస్తది, ముందే చూపించుకుందాం.

మీ మామ